బాత్రూంలో జారిపడ్డానండీ

ఆ చేతి నుంచి ఏడు గాజు ముక్కలు తీశాను. ఎర్ర మట్టిగాజులవి. స్పిరిట్ దూదితో మణికట్టు తుడుస్తుంటే ఆమె మూలగలేదు, చెయ్యి వెనక్కి లాక్కోలేదు. తలుపు వైపే చూస్తూ కూర్చుంది. తలుపు దగ్గర ఓపీ చీటీ పట్టుకుని భర్త నిలబడ్డాడు. "బాత్రూంలో జారిపడిందండీ," అన్నాడు. "జారిపడ్డానండీ," అంది ఆమె. డ్యూటీ డాక్టరు కేస్ షీట్లో అదే రాశారు. నర్సుల రికార్డులో నేనూ అదే రాశాను.

జారిపడితే చెయ్యి నేలకి ఆనిన వైపు గుచ్చుకోవాలి గాజులు. ఈ ముక్కలు మణికట్టు చుట్టూరా ఉన్నాయి. వాటికి పైన నాలుగు వేళ్ళ అచ్చు కమిలి ఉంది. అది నేను చూశాను. చూసీ కట్టు కట్టి, టీటీ ఇచ్చి పంపేశాను. అప్పటికి ఉద్యోగంలో చేరి ఏడాది కాలేదు. ఇప్పుడు నేను నర్సింగ్ విద్యార్థులకు పాఠాలు చెబుతున్నాను. ఈ అధ్యాయం మొదలుపెట్టాలని కూర్చున్న ప్రతిసారీ ఆ ఏడు ముక్కలే కళ్ళముందుకి వస్తున్నాయి.

సంసారం గుట్టు, రోగం రట్టు అంటారు మన పెద్దవాళ్ళు. ఇంటి సంగతి కడుపులో దాచుకోవాలి, జబ్బు సంగతి పదిమందికీ చెప్పుకోవాలి. భర్త చేతిలో దెబ్బలు తిన్న ఆడమనిషి ఆసుపత్రికి వచ్చినప్పుడు ఈ రెండూ ఒకే ఒంటి మీద ఉంటాయి. గాయం రోగం కాబట్టి చూపించక తప్పదు. కారణం సంసారం కాబట్టి నోరు విప్పకూడదు. మనం రట్టయిన సగానికి కుట్లు వేసి, గుట్టుగా ఉన్న సగాన్ని అలాగే ఇంటికి పంపేస్తాం. కొన్నాళ్ళకి ఆ సగమే ఇంకో గాయాన్ని వెంటబెట్టుకుని వస్తుంది.

ఇలాంటి వాళ్ళు మన దగ్గరికి ఎప్పుడో ఒకరు వస్తారనుకోకండి. 2019-21లో జరిగిన ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కల్లో 18 నుంచి 49 ఏళ్ళ పెళ్ళయిన ఆడవాళ్ళలో భర్త హింసకు గురైనవాళ్ళు తెలంగాణలో నూటికి దాదాపు 37 మంది, ఆంధ్రప్రదేశ్‌లో 30 మంది. ఏ వార్డులోనైనా మంచాలు లెక్కపెట్టుకోండి. అదే సర్వేలో ఇంకో లెక్క ఉంది, నాకు నిద్ర పట్టనివ్వనిది అదే. ఏదో ఒక కారణానికి భర్త భార్యను కొట్టడం సబబేనని రెండు రాష్ట్రాల్లోనూ నూటికి 84 మంది ఆడవాళ్ళు అన్నారు. చెప్పకుండా బయటికి వెళ్ళిందనో, అత్తమామలకి ఎదురు చెప్పిందనో, కూర సరిగా వండలేదనో. మనం కూడా ఆ ఇళ్ళలోంచే వచ్చాం. తెల్లకోటు వేసుకోగానే ఆ నూట్లోంచి బయటికి వచ్చేయం. "నువ్వేం చేశావమ్మా, ఆయనకి అంత కోపం వచ్చిందంటే?" అని అడిగిన నర్సుల్ని నేను చూశాను. కుట్లు వేస్తూ "సర్దుకుపోవాలి తల్లీ, పిల్లలున్నారు" అన్నవాళ్ళనీ చూశాను. వాళ్ళు చెడ్డవాళ్ళు కారు. కానీ ఆ మాట విన్నాక ఆమె మన దగ్గర మళ్ళీ నోరు తెరవదు.

అంతర్జాతీయ నర్సుల మండలి 1953లో మొదటిసారి నర్సుల నీతి నియమావళిని తెచ్చింది. 2021లో దాన్ని మళ్ళీ సవరించింది. రోగి గౌరవం, రోగి రహస్యం, రోగి సమ్మతి, రోగికి హాని జరగకుండా చూడటం... పరీక్షలకి అందరం బట్టీ పట్టినవే. మామూలు రోగి దగ్గర ఈ నాలుగూ కలిసిమెలిసి ఉంటాయి. ఈమె దగ్గర తగువులాడుకుంటాయి. ఆమె మాటకు విలువిస్తే ఇంటికి పంపాలి. హాని జరక్కూడదంటే పంపబుద్ధి కాదు. రహస్యం కాపాడాలంటే ఎవరికీ చెప్పకూడదు. చట్టం మాత్రం కొన్ని చెప్పి తీరాలంటుంది. ఆ తగువు ప్రతిసారీ కొత్తగా తీర్చుకోవాల్సిందే. తీర్చుకునేటప్పుడు నేను పట్టుకునే గుర్తు ఒకటుంది. ఈమె మళ్ళీ అవసరమైనప్పుడు భయం లేకుండా నా దగ్గరికి రాగలదా? రాగలిగేలా పంపితే నా పని నేను చేసినట్టు.

ఇది ఒకామెకి నష్టం చేసి నేర్చుకున్నాను. గైనిక్ వార్డులో ఉన్నప్పుడు ఐదో నెల గర్భిణి రక్తస్రావంతో వచ్చింది. రాత్రి రెండింటికి బీపీ చూస్తుంటే నా చెయ్యి పట్టుకుని, పొట్ట మీద తన్నాడని చెవిలో చెప్పింది. నాకు ఒళ్ళు మండిపోయింది. తెల్లారాక భర్తని వరండాలోకి పిలిచి అందరి ముందూ కడిగేశాను. అతను చేతులు కట్టుకుని తలొంచుకున్నాడు. "తప్పయిపోయింది సిస్టర్‌గారూ," అన్నాడు. గొప్ప పని చేశాననుకున్నాను. ఆ సాయంత్రమే, మా ఇష్టప్రకారం తీసుకెళ్తున్నామని సంతకం పెట్టి ఆమెను తీసుకుపోయాడు. కాన్పుకి ఆమె రాలేదు. నెలల తర్వాత ఆ ఊరి ఆశా కార్యకర్త వచ్చినప్పుడు అడిగితే, "ఆసుపత్రి పేరెత్తితేనే చెయ్యి లేస్తోందండీ, ఇంట్లోనే కనేసింది," అంది. ఆమె నమ్మి నాకు చెప్పిన మాటని నేను తీసుకెళ్ళి కొట్టేవాడి చేతిలో పెట్టాను. అప్పటినుంచి ఏ భర్తనీ నిలదీయలేదు. మీకూ అదే చెబుతున్నాను. ఎంత కోపం వచ్చినా సరే, అతన్ని మందలించకండి. రాజీ కుదర్చాలనీ చూడకండి.

అతన్ని బయటికి పంపాక

అడగాలంటే ముందు ఆమె ఒంటరిగా ఉండాలి. భర్త పక్కనుండగా అడగడం కన్నా అడక్కపోవడమే మేలు. అత్తగారు, ఆడపడుచు పక్కనున్నా అంతే. ఒక్కోసారి కన్నతల్లి ఉన్నా అంతే. మాటలొచ్చిన పిల్లలు ఒళ్ళో ఉన్నా జాగ్రత్త, వాళ్ళు ఇంటికెళ్ళి చెప్పేస్తారు. పంపేయడానికి మన దగ్గర సాకులకి కొదవలేదు. మందుల చీటీ ఇచ్చి ఫార్మసీకి పంపొచ్చు. "డ్రెస్సింగ్ రూంలోకి మగవాళ్ళు రాకూడదండీ" అనొచ్చు. మూత్ర పరీక్షకని మనమే ఆమెను బాత్రూం దాకా తీసుకెళ్ళొచ్చు. ఆ నాలుగడుగుల దూరంలో నేను విన్నన్ని నిజాలు ఏ కౌన్సెలింగ్ గదిలోనూ వినలేదు. అందరినీ ఒకేలా పంపిస్తే ఎవరికీ అనుమానం రాదు కాబట్టి, మా వార్డులో గాయంతో వచ్చిన ప్రతి మనిషినీ మొదట ఐదు నిమిషాలు ఒంటరిగా చూసే అలవాటు పెట్టాం.

ప్రతినెలా 9వ తేదీ గర్భిణుల పరీక్షల రోజున ఇది కుదరదు. ఆ రద్దీలో వరండాలో బల్ల మీద కూర్చోబెట్టి అడిగితే ఆమె చెప్పదు, చెప్పకూడదు కూడా. అలాంటి రోజు అనుమానం వస్తే, "బీపీ మళ్ళీ ఒకసారి చూడాలమ్మా, మంగళవారం రా" అని రప్పించుకోండి.

ఎవర్ని అడగాలి? వచ్చిన ప్రతి ఆడమనిషినీ ప్రశ్నల పట్టీ చదివినట్టు అడగమని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2013 మార్గదర్శకాలు చెప్పలేదు. గుర్తులు కనిపించినచోట అడగమన్నాయి. నాకూ అదే సరైనదనిపిస్తుంది. పట్టీ చదివే గొంతుకి ఎవరూ మనసు విప్పరు. ఇక గుర్తులంటారా? పడినవాళ్ళకి మోకాళ్ళు, మోచేతులు, అరచేతులు చీరుకుంటాయి. కొట్టించుకున్నవాళ్ళకి ముఖం, మెడ, రొమ్ములు, పొట్ట, అడ్డం పెట్టిన ముంజేతుల బయటివైపు. చెవిపోటని ఈఎన్‌టీ ఓపీకి వచ్చిన ఇల్లాలికి కర్ణభేరి చిల్లు పడి ఉంటే, ఆ చెంప మీద ఏం పడిందో అడిగి తీరాలి. దెబ్బ తగిలిన మూడో రోజున రావడం ఒక గుర్తు. తలనొప్పి, నిద్ర లేదు, కడుపునొప్పి అంటూ నెలకి మూడుసార్లు ఓపీకి రావడం, రిపోర్టులన్నీ బాగానే ఉండటం ఇంకో గుర్తు. అడిగిన ప్రతిదానికీ భర్తే జవాబు చెప్పడం అన్నిటికన్నా పెద్ద గుర్తు.

ఎలా అడగాలి అన్నది చాలామంది భయం. "గృహహింస జరుగుతోందా?" అని అడక్కండి. అది కాగితం మాట. ఆమె ఇంట్లో జరిగేదాన్ని ఆమె ఎన్నడూ ఆ పేరుతో పిలుచుకోలేదు. "ఇంట్లో ఎవరైనా చెయ్యి చేసుకుంటున్నారా అమ్మా?" అనండి. "ఇంటికెళ్ళాలంటే భయంగా ఉంటోందా?" అనండి. "ఇలాంటి దెబ్బ జారిపడితే తగలడం నేను పెద్దగా చూళ్ళేదు తల్లీ, ఎవరైనా కొట్టారా?" అనండి. అడిగాక ఊరుకోండి. మౌనం పొడవుగా అనిపిస్తుంది, గడియారం చూడకండి. ఆమె కాదంటే, "సరేనమ్మా, ఎప్పుడైనా చెప్పాలనిపిస్తే నేను ఈ వార్డులోనే ఉంటాను" అని వదిలేయండి. మొదటిసారి కాదని, నాలుగోసారి అవునన్నవాళ్ళు నాకు చాలామంది తెలుసు.

అడగడానికి ముందే చెప్పాల్సిన మాట ఒకటుంది. మనవాళ్ళు దాన్ని మర్చిపోతారు. "నువ్వు చెప్పేది మీ ఇంట్లోవాళ్ళకి చెప్పను. డాక్టరుగారికి చెబుతాను, కేస్ షీట్లో రాస్తాను" అని ముందే చెప్పాలి. పద్దెనిమిదేళ్ళు నిండని అమ్మాయితో లైంగిక సంబంధం జరిగిందని తెలిస్తే, పిల్లల మీద లైంగిక నేరాలకు సంబంధించిన పోక్సో చట్టం ప్రకారం పోలీసులకు చెప్పక తప్పదు. పెళ్ళయిన పిల్లయినా అంతే. భార్య అయినా పద్దెనిమిది నిండకపోతే ఆమెతో లైంగిక సంబంధం అత్యాచారమేనని సుప్రీంకోర్టు 2017లో తేల్చింది. పదిహేడేళ్ళ గర్భిణితో "ఎవరికీ చెప్పనమ్మా, నామీద ఒట్టు" అని మొత్తం విని, తర్వాత పోలీసులకు చెబితే అది మోసం. విన్నాక చెప్పకపోతే నేరం. మన మాటకి హద్దెక్కడో ముందే చెబితే, ఎంత చెప్పాలో ఆ పిల్లే చూసుకుంటుంది.

చెప్పిందనుకోండి. అప్పుడు మన నోటి నుంచి రావాల్సినవి చాలా చిన్న మాటలు. "చెప్పడమే మంచిదయింది." "ఇందులో నీ తప్పేం లేదు." "నిన్ను కొట్టే హక్కు ఎవరికీ లేదు." ఇవి సినిమా డైలాగుల్లా అనిపిస్తాయని మొదట్లో నాకూ సిగ్గేసేది. కానీ ఆ మూడు మాటలు ఆమెకి అంతవరకూ ఎవ్వరూ చెప్పి ఉండరు. అమ్మ చెప్పలేదు, అన్న చెప్పలేదు, పంచాయితీ పెద్దలు చెప్పలేదు. "మరి ఇన్నాళ్ళూ ఎందుకు ఊరుకున్నావు?" అన్న ప్రశ్న మాత్రం ఎప్పటికీ వద్దు.

తర్వాత అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. అది ప్రాణానికి సంబంధించింది. "ఎప్పుడైనా పీక నొక్కాడా?" ఆమె తనంతట తాను చెప్పదు. దాన్ని దెబ్బల లెక్కలో వేసుకోదు. "కొట్టలేదండీ, ఊరికే పీక పట్టుకున్నాడు" అంటుంది. మెడ మీద మచ్చ కనపడకపోవచ్చు. గొంతు బొంగురుపోయిందా, మింగుతుంటే నొప్పిగా ఉందా, కళ్ళ తెల్లగుడ్డు మీద ఎర్రటి చుక్కలున్నాయా, ఆ సమయంలో కళ్ళు తిరిగి పడిపోయిందా, బట్టల్లో మూత్రం పోయిందా అని చూడాలి, అడగాలి. మెడలో రక్తనాళం లోపల చీలితే కొన్ని రోజుల తర్వాత కూడా పక్షవాతం రావచ్చు కాబట్టి వెంటనే డాక్టరుగారికి చెప్పాలి. ఒకసారి పీక నొక్కినవాడు తర్వాత చంపే ప్రమాదం ఆరు రెట్లకు మించి ఉంటుందని 2008లో అమెరికాలో వచ్చిన ఒక పరిశోధన తేల్చింది. ఆ పరిశోధన వెనకున్న జాక్వెలిన్ కాంప్‌బెల్ ఒక నర్సు. ఏ భార్య ప్రాణం ఎంత ప్రమాదంలో ఉందో అంచనా వేసే ప్రశ్నల వరుసను 1986లోనే ఆమె తయారుచేశారు. అందులో మొదటి పని ఏంటో తెలుసా? ఆమె చేతికే క్యాలెండరు ఇచ్చి, ఈ ఏడాదిలో దెబ్బలు తిన్న రోజులు గుర్తుపెట్టమనడం. ఎప్పుడో ఒకసారి అనుకున్నది ఎంత తరచుగా జరుగుతోందో, ఎలా పెరుగుతోందో ఆమే కళ్ళారా చూసుకుంటుంది. చంపుతానన్నాడా, కత్తో గొడ్డలో చూపించాడా, కడుపుతో ఉన్నప్పుడు కొట్టాడా, నువ్వు పుట్టింటికి పోతానన్నప్పుడు ఏం చేశాడు, నిన్ను నిజంగా చంపేస్తాడనిపిస్తోందా? ఈ ప్రశ్నలకి వరసగా అవునంటే ఆ రాత్రికి ఆమెను ఇంటికి పంపకుండా, ఏదో ఒక కారణం చెప్పి అబ్జర్వేషన్‌లో ఉంచమని డాక్టరుగారిని అడగండి. ఉండటానికి ఆమె ఒప్పుకుంటేనే సుమా.

కాగితం మీద

నర్సు చేతిలో ఉన్న అసలు బలం కలమే. కోర్టులో ఈ కేసు ఎప్పుడో రెండేళ్ళకి వస్తే, ఆమె గాయం అప్పటికి మానిపోతుంది. మిగిలేది కేస్ షీటే.

మన కేస్ షీట్లన్నీ ఇంగ్లీషులో రాస్తాం. ఆమె మాటని మాత్రం తెలుగులోనే, ఆమె అన్నది అన్నట్టు, కొటేషన్లలో పెట్టండి. "మా ఆయన బెల్టుతో కొట్టాడు, చంపి బావిలో పడేస్తానన్నాడు" అని ఆమె అంటే, "కుటుంబ కలహాలు" అని రాయడం ఆ మాటను చంపేయడమే. "ఆరోపిస్తోంది" అని రాయకండి, "చెప్పింది" అనండి. ఆరోపించడం అన్నమాటలోనే అపనమ్మకం ఉంది. గాయం ఎక్కడ, ఎన్ని సెంటీమీటర్లు, ఏ రంగు, ఏ ఆకారం అన్నవి రాయండి. మనిషి బొమ్మ గీసి గుర్తులు పెట్టండి. కమిలిన గాయం రంగు చూసి అది ఎన్నాళ్ళ కిందటిదో మాత్రం రాయొద్దు. రంగుని బట్టి వయసు కచ్చితంగా చెప్పలేం. తప్పు రాస్తే రేపు అవతలి లాయరు మొదట పట్టుకునేది దాన్నే. ఆమె చెప్పిన కారణానికీ గాయానికీ పొంతన లేకపోతే ఆ సంగతీ రాయండి. ఆమె జారిపడ్డానని చెప్పింది, గాయాలు మణికట్టు చుట్టూ ఉన్నాయి. ఈ రెండు ముక్కలు నేను ఆ రోజు రాసి ఉంటే చాలు.

రాసింది ఎవరి కంట పడుతుందో కూడా చూసుకోవాలి. కేస్ షీటు ఆసుపత్రిలో ఉంటుంది. డిశ్చార్జి కాగితం మాత్రం భర్త జేబులోకి పోతుంది. ఆమె చెప్పిన మాటలు అందులో ఉండకూడదు. ఇంకోటి, ఓపీ చీటీ మీద రాయించే ఫోను నంబరు చాలాసార్లు అతనిదే. మనం చేసే ఫోను, వచ్చే మెసేజీ అతనికే పోతాయి. "ఏ నంబరుకి చేస్తే నీకు ఇబ్బంది ఉండదు?" అని ఆమెను అడిగి తెలుసుకోండి. వార్డుబాయ్ ఆ వీధివాడు కావచ్చు, అవుట్‌పోస్టు కానిస్టేబులు అతని దూరపు బంధువు కావచ్చు. చిన్న ఊళ్ళలో రహస్యం టీ కొట్టు దాకా కూడా ఆగదు.

ఎమ్మెల్సీ, అంటే మెడికో లీగల్ కేసు నమోదు విషయంలో ఆడవాళ్ళకీ, మనలో చాలామందికీ ఒక అపోహ ఉంది. ఎమ్మెల్సీ రాశారంటే భర్త మీద కేసు పెట్టేసినట్టేనని. కాదు. గాయం గురించి పోలీసులకు సమాచారం వెళ్తుంది. ఫిర్యాదు ఇవ్వాలా, ఏమని ఇవ్వాలి అన్నది ఆమె చేతిలోనే ఉంటుంది. నమోదు చేసేది డాక్టరే అయినా, ఈ తేడా ఆమెకి విడమరిచి చెప్పాల్సింది నర్సే. చెప్పకుండా కానిస్టేబుల్ని ఒక్కసారిగా మంచం పక్కకి తెచ్చామంటే ఆమె "జారిపడ్డానండీ" అంటుంది. ఆ మాట ఇంక రికార్డయిపోతుంది.

గృహహింస నుంచి మహిళలకు రక్షణ కల్పించే చట్టం 2005లో వచ్చింది. 2006 అక్టోబరు 26 నుంచి అమల్లో ఉంది. కొట్టడమొకటే హింస అని ఆ చట్టం అనలేదు. తిట్టి కించపరచడం, డబ్బు ఇవ్వకుండా కట్టడి చేయడం, లైంగికంగా హింసించడం అన్నీ అందులో ఉన్నాయి. ఆ చట్టం నియమాల్లో ఆసుపత్రులకు సంబంధించి ఉన్నవి మనవాళ్ళు ఎప్పుడూ తెరిచి చూడరు. ఎక్కడా ఫిర్యాదు ఇవ్వలేదన్న సాకుతో ఆమెకు వైద్యం నిరాకరించకూడదు. ఆ చట్టం కింద ఆమె మన సాయం కోరితే, అప్పటికి గృహహింస నివేదిక తయారై లేకపోతే, ఆసుపత్రి బాధ్యులే ఫారం-1 నింపి రక్షణ అధికారికి పంపాలి. వైద్య పరీక్ష నివేదిక కాపీ ఆమెకు ఉచితంగా ఇవ్వాలి. "మనకెందుకమ్మా, వాళ్ళింటి గొడవ" అనే డాక్టరుతో నేను వాదనకి దిగను. ఈ నియమాల కాగితం ఫైల్లో పెట్టుకుని, మర్యాదగా ఆయన బల్ల మీద పెడతాను. చాలాసార్లు పని జరిగింది. ప్రభుత్వాసుపత్రిలో ఇదంతా ఎక్కడ కుదురుతుంది అనేవాళ్ళకి ముంబై బాంద్రాలోని భాభా మునిసిపల్ ఆసుపత్రి గురించి చెబుతుంటాను. అక్కడ ఇరవై ఏళ్ళకి పైగా దిలాసా అనే విభాగం నడుస్తోంది. నర్సులకి శిక్షణ ఇచ్చి, గాయంతో వచ్చిన ఆడవాళ్ళని గుర్తించి, ఆసుపత్రిలోనే వాళ్ళకో గదీ, మాట వినే మనిషినీ ఇచ్చారు. అదీ మనలాగే కిక్కిరిసిన సర్కారీ ఆసుపత్రే.

ఇంకో సంతకం గురించి కూడా చెప్పాలి. గర్భస్రావానికి మేజరు స్త్రీ తన సమ్మతి తాను ఇస్తే చాలు, భర్త సంతకం చట్టం అడగదు. మన ఆసుపత్రుల్లో అలవాటుగా అడుగుతారు. ఇష్టం లేని కడుపు మోయించడమే హింస అయిన ఇంట్లో, ఆ అలవాటు ఆమెను మళ్ళీ అతని దగ్గరికే పంపుతుంది.

ఇంటికే వెళ్తానంటే

చాలామంది ఇంటికే వెళ్తానంటారు. మనకి కోపం వస్తుంది. ఇంత చేశాం కదా అనిపిస్తుంది. ఆ కోపాన్ని గదిలోకి తీసుకురాకండి. పిల్లల బడి, పుట్టింట్లో వదిన, చేతిలో లేని డబ్బు, వెళ్ళిపోతే వెతికి చంపుతానన్న మాట... ఇవన్నీ ఆమె లెక్క వేసుకునే ఉంటుంది. ఇల్లు వదిలేసే రోజులే ఎక్కువ ప్రమాదమైన రోజులన్నది కూడా నిజం. తన ఇంటి గురించి మనకన్నా ఆమెకే ఎక్కువ తెలుసు.

వెళ్ళేముందు ఆమెకి ఈ మాటలు చెప్పడానికి ఐదు నిమిషాలు చాలు. గొడవ మొదలైతే వంటింట్లోకి పోవద్దు, అక్కడ కత్తీ గ్యాసూ ఉంటాయి. బయటికి దారి ఉన్న గదిలో ఉండు. ఆధారు, రేషను కార్డు, బ్యాంకు పుస్తకం, పిల్లల సర్టిఫికెట్లు ఒకచోట పెట్టుకో, కుదిరితే నమ్మకమైన పక్కింట్లో దాచు. బస్సు చార్జీకి సరిపడా డబ్బు విడిగా ఉంచు. అరుపు వినగానే పరిగెత్తుకొచ్చే మనిషి ఎవరో ముందే అనుకో. మహిళల హెల్ప్‌లైను 181, ఆపదలో 112, ఉచిత న్యాయ సహాయం 15100. ఇవి రాసివ్వకుండా ఆమెతో రెండుసార్లు పైకి చెప్పించండి. చీటీ దొరికితే అదే ఇంకో గొడవ. జిల్లాలో సఖి కేంద్రం ఎక్కడుందో మీరు ఒకసారి స్వయంగా వెళ్ళి చూసి రండి. ఐదు రోజుల దాకా ఉండటానికి చోటు, లాయరు, కౌన్సెలరు అక్కడే ఉంటారు. "అక్కడికి వెళ్ళమ్మా" అనడం వేరు, "అక్కడ ఫలానా మేడంగారుంటారు, నేను పంపానని చెప్పు" అనడం వేరు.

పురుగుమందు తాగి వచ్చినవాళ్ళ దగ్గర మనం ఈ ప్రశ్నలేవీ అడగం. "కడుపునొప్పి తాళలేక తాగింది" అని బంధువులు చెబుతారు, మనం రాస్తాం, పేపర్లో అదే వస్తుంది. జుట్టు రంగు తాగి గొంతు వాచిపోయిన అమ్మాయి మాట్లాడలేదు కాబట్టి వాళ్ళ మాటే మిగులుతుంది. తేరుకున్నాక ఆమెను ఒంటరిగా అడగండి. ఆత్మహత్యాయత్నం చేసినందుకు జైల్లో పెడతారని ఆమెను బెదిరించి ఉంటారు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, ఆ మనిషి తీవ్రమైన ఒత్తిడిలో అలా చేసిందనే భావించాలని, శిక్షించకూడదని చెబుతోంది. ఆ ముక్క చెబితే ఆమె ముఖంలో మార్పు మీకే కనిపిస్తుంది.

కాలిన గాయాల వార్డు గురించి ఎక్కువ రాయలేను. ఒక్కటి చెబుతాను. మరణ వాంగ్మూలం మేజిస్ట్రేటు వచ్చి తీసుకుంటారు, మనిషి స్పృహలో ఉందని డాక్టరు ధ్రువీకరిస్తారు. కానీ మేజిస్ట్రేటు వచ్చేలోపు ఆమె నర్సుతో అన్న మాటను కూడా చట్టం లెక్కలోకి తీసుకుంటుంది. కాబట్టి ఆమె ఏమంటే అది, ఎన్ని గంటల ఎన్ని నిమిషాలకు అన్నదీ రాసి సంతకం పెట్టండి. అంతవరకూ అత్తింటివాళ్ళెవరినీ మంచం దగ్గర నిలబడనివ్వకండి. మంచినీళ్ళు పట్టిస్తామన్న నెపంతో కూడా.

మా కాలేజీలో ఈ పాఠానికి ఒక అభ్యాసం చేయిస్తాను. ఇద్దరు విద్యార్థినులు, ఒకరు నర్సు, ఒకరు రోగి. కిందటేడు రోగిగా కూర్చున్న అమ్మాయి, "ఇంట్లో ఎవరైనా చెయ్యి చేసుకుంటున్నారా అమ్మా?" అన్న ప్రశ్నకి జవాబు చెప్పకుండా తన అరచేతులు చూసుకుంటూ ఉండిపోయింది. చాలా బాగా నటిస్తోందని మొదట అనుకున్నాను. క్లాసయ్యాక అందరూ వెళ్ళేదాకా ఆగి నా దగ్గరికి వచ్చింది. "మేడం, ఆ 181 రాత్రిపూట కూడా పనిచేస్తుందా? మా అక్కకి కావాలి," అంది. పనిచేస్తుందమ్మా, ఇరవైనాలుగ్గంటలూ ఉంటారని చెప్పాను. ఏ అక్క అని అడగలేదు. స్టాఫ్ రూం తలుపు దగ్గరికి వేసి, ఆ అమ్మాయికి కుర్చీ లాగాను. ఏ నంబరుకి ఫోను చేస్తే ఇబ్బంది ఉండదో అడిగి రాసుకున్నాను.